ఉడుత వద్దన్న పాట

"ఈ గంతుల పాట వద్దు టీచర్," అంది ఉడుత.

నాకు అనుమానం మొదలైంది అక్కడే.

నేను ఇరవై ఆరేళ్ళుగా రికార్డర్ నేర్పుతున్నాను. రికార్డర్ అంటే మాటలు పట్టుకునే డబ్బా కాదు. పెదవుల మధ్య పెట్టుకుని నిలువుగా ఊదే చెక్క పిల్లనగ్రోవి. ముందువైపు ఏడు రంధ్రాలు, వెనక బొటనవేలికి ఒకటి. ఈ మాట మా ఆడపడుచుకే మూడుసార్లు చెప్పాను. ఆవిడ ఇప్పటికీ ఫోన్ చేసి, "మీ క్యాసెట్ల క్లాసు ఎలా సాగుతోంది వదినా?" అని అడుగుతుంది.

ఈ ఇరవై ఆరేళ్ళలో అయిదో గ్రేడు పరీక్షకి వెళ్ళిన ప్రతివాళ్ళకీ నేను గంతుల పాటే ఇచ్చాను. పుస్తకంలో దానికి నోరు తిరగని పేరేదో ఉంది. మేము గంతుల పాట అంటాం. పరీక్షవాళ్ళు మూడు జాబితాలు ఇస్తారు. ఒక్కోదాంట్లోంచి ఒక్కో పాట ఏరుకోవాలి. జాబితాలు మూడేళ్ళకోసారి మారినా ఇది మాత్రం ఎలాగో ఒకలా తిరిగొస్తూనే ఉంటుంది. పైకి పోయి, ఇంకా పైకి పోయి, చివరి వరసలో గాలిపటంలా ఎగురుతుంది. సరిగ్గా వాయిస్తే పరీక్షకుడు రాస్తున్న పెన్ను ఆపి తలెత్తాల్సిందే.

"ఎందుకు వద్దు?" అన్నాను.

"ఊరికే."

"ఊరికే ఏంటి? ఊరికే వద్దనడానికి ఇదేమైనా కాకరకాయ కూరా?"

ఉడుత నవ్వలేదు. పదమూడేళ్ళ పిల్ల. వేళ్ళు చురుగ్గా పరిగెడతాయని నేనే పెట్టిన పేరది. మామూలుగా నా మాటలకి ఇంతింత కళ్ళు చేసుకుని నవ్వుతుంది. ఆ రోజు నేల చూపులు చూస్తూ మూడు జాబితాల మీదా మూడుచోట్ల వేలు పెట్టింది. మూడూ నెమ్మది పాటలే. మూడూ కింది స్వరాల్లో ఈదులాడేవే. ఒకదానికి మించి ఒకటి నిద్రొచ్చేవి.

"ఇంకోటి టీచర్. పరీక్ష పెద్దదాని మీద ఇస్తాను," అంది.

రికార్డర్లలో చిన్నదీ పెద్దదీ ఉంటాయి. చిన్నదాని గొంతు సన్నం, పెద్దదాని గొంతు బొంగురు. అయిదో గ్రేడుకి దేనిమీదైనా వాయించవచ్చు. కానీ ఉడుత ఏడేళ్ళప్పటి నుంచీ చిన్నదాని మీదే పెరిగింది. పెద్దది నా దగ్గర పడుంది గానీ, దానికి పగులొచ్చి రెండేళ్ళయింది.

"పెద్దది ఎక్కడుంది నీకు?"

సంచి జిప్పు తీసి పొడవాటి పెట్టె బయటపెట్టింది. "తెలిసినవాళ్ళది," అంది.

పెట్టె మూత మీద స్టిక్కరు గోటితో గీకిన ఆనవాలు ఉంది. పూర్తిగా పోలేదు. ఒక మూల పసుపు రంగు అంచు మిగిలింది. ఆ పసుపు నాకు బాగా తెలుసు. రెండు వీధుల అవతల ఒక తలుపు నిండా అదే రంగు.

ఆ తలుపు పొడుగుపిల్లది. నా శిష్యురాలే. తొమ్మిదేళ్ళప్పుడు వచ్చింది, చీమిడి ముక్కుతో. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, వేలు ఎంత ఎత్తాలో అన్నీ నేనే నేర్పాను. ఇప్పుడు ముప్పై దాటాయి. నిరుడు సొంతంగా స్కూలు పెట్టుకుంది. గోడంతా అద్దాలు, ప్రతి పెట్టెకీ స్టిక్కర్లు. పెట్టుకుంటే పెట్టుకుంది, నాకేం. కానీ పోయిన పరీక్షలు అయ్యాక ఏడాది తిరక్కుండా నా దగ్గర్నుంచి నలుగురు అక్కడికి పోయారు. ఒక్కళ్ళూ కారణం చెప్పలేదు. "టైము కుదరడం లేదండీ" అన్నారు. రెండు వీధులు ఎక్కువ నడవడానికి మాత్రం టైము కుదిరింది.

ఆ నలుగురి మార్కుల కాగితాల మీదా పరీక్షకుడు ఒకటే ముక్క రాశాడు: పై స్వరాలు చీలుతున్నాయి, గాలి చప్పుడు వస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్లలు వాయించడం నేను ప్రతి వారం ఈ చెవులతో విన్నాను. అద్దంలా ఉన్నాయి పై స్వరాలు. వెంటనే పరీక్షల ఆఫీసుకి రెండు పేజీల ఉత్తరం రాశాను. అలాంటి మనిషిని పిల్లల మీదికి పంపే ముందు చెవుల డాక్టరుకి చూపించమని సలహా కూడా ఇచ్చాను. జవాబు లేదు.

ఇక నాకు మిగిలింది ఉడుత. ఇంకా ఆరుగురున్నారు గానీ వాళ్ళింకా రంధ్రాలు మూయడంలోనే కుస్తీ పడుతున్నారు. సంగీతం ఉన్న పిల్ల ఇదొక్కతే. ఇది కూడా పోతే కింద కళ్ళద్దాల షాపు పక్కన వేలాడుతున్న నా బోర్డు పీకేస్తానని మా ఆయనతో చెప్పేశాను. ఉత్తినే అనలేదు. ఆ పిల్లంటే నాకు ప్రాణం. ఆ సంగతి దానితో ఎప్పుడూ అనలేదు, అంటే నెత్తికెక్కుతుందని.

పరీక్ష ఫారం శనివారం సాయంత్రంలోగా పంపాలి. అది సోమవారం. "ఆలోచిస్తాను, నీ పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్ళు," అన్నాను. ఉడుత పుస్తకం ఇవ్వడానికి ఒక క్షణం తటపటాయించింది. నేను చెయ్యి చాపే ఉంచాను.

అది మెట్లు దిగగానే గంతుల పాట పేజీ తీశాను. నేను పిల్లల పుస్తకాల్లో పెన్సిలుతో ఒక్క గుర్తే పెడతాను. ఊపిరి తీసుకునే చోట చిన్న టిక్కు, అంతే. ఈ పేజీలో నా టిక్కులు ఆరున్నాయి. అవి కాక పై స్వరాల చుట్టూ చిన్న చిన్న సున్నాలు. లెక్కపెడితే పదిహేడు. పక్క పేజీలు తిప్పాను. నేను నేర్పిన ప్రతి పాటలోనూ పై వరసల్లో సున్నాలు. ఎవరిదో సన్నటి పెన్సిలు, నాది కాదు.

నా శిష్యురాలి పుస్తకంలో ఇంకొకరి చెయ్యి. ఇంక రుజువేం కావాలి?

రాత్రి అన్నం దగ్గర మా ఆయనతో చెప్పాను. ఆయన బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యారు. సంగీతంలో ఓనమాలు రావు. ఇంజను స్టార్టు చేస్తే మాత్రం ఏ నట్టు వదులైందో గేటు దగ్గర నిలబడి చెప్పేవారు.

"అది దొంగచాటుగా పొడుగుపిల్ల దగ్గరికి పోతోంది. ఆవిడే ఈ పాటలు ఏరి పంపింది. నా పాట వద్దనిపించింది కూడా ఆవిడే," అన్నాను.

"ఆ పిల్లనే అడిగెయ్," అన్నారు.

"అడిగితే నిజం చెప్తుందా?"

"మరి నన్నడిగితే నేనేం చెప్తాను?"

ఆయన టీవీ సౌండు తగ్గించారు. వార్తలు చదివేవాడు గొణుగుతున్నట్టు ఉంటే నేను పెంచాను. ఆయన నావంక చూసి, ఏదో అనబోయి, పెరుగు కలుపుకున్నారు. ఈయన కూడా ఏదో దాస్తున్నారని నాకు అప్పుడు అనిపించింది. ఒకసారి అనుమానం పట్టుకుంటే ఇక చూడాలి, కట్టుకున్న మొగుడు కంచంలోకి చూసినా కుట్రే అనిపిస్తుంది.

బుధవారం పొద్దున పదకొండింటికి పసుపు తలుపు ముందు నిలబడ్డాను. ఆ వేళప్పుడు పిల్లలు బళ్ళలో ఉంటారు. పొడుగుపిల్ల ఒక్కతే కూర్చుని రికార్డర్ల లోపల నూనె గుడ్డతో తుడుస్తోంది. నన్ను చూసి లేచింది. చిన్నప్పుడు మా ఇంట్లో లేచినట్టే, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని.

"రండి టీచర్. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదు. ఉడుతకి పెద్ద రికార్డరు నువ్వే ఇచ్చావా?"

"నేనే ఇచ్చాను."

అబద్ధం చెబుతుందనుకుంటే ఒప్పేసుకుంది. దాంతో నాకు ఇంకా కోపమొచ్చింది.

"పాఠాలు కూడా ఇస్తున్నావా?"

"లేదు టీచర్. ఒక్కటి కూడా చెప్పలేదు. పెద్దది కావాలని అడిగింది, ఇచ్చాను. ఇక్కడ చేరతావా అని కూడా అడిగాను. అడగలేదని చెప్పను. చేరనంది."

"మరి ఆ నిద్రపాటలు ఎవరు ఏరారు? దాని పుస్తకంలో సున్నాలు ఎవరు చుట్టారు?"

"సున్నాలా?" అంది. నిజంగానే తెలియనట్టు మొహం పెట్టింది. నా దగ్గర చదువుకున్న మనిషి, మొహం పెట్టడం కూడా బాగానే నేర్చుకుంది అనుకున్నాను.

"నా దగ్గర్నుంచి నలుగుర్ని లాక్కున్నావు. చాల్లేదా?"

ఆ మాటకి దాని మొహం ఎర్రబడింది. చేతిలోని గుడ్డ మడతపెట్టింది, విప్పింది. "నేను లాక్కోలేదు టీచర్. వాళ్ళే వచ్చారు. బాగా నేర్చుకుని వచ్చారు. మీ శిష్యులని వాళ్ళ ఊపిరి చూస్తేనే తెలిసిపోతుంది. ఒక్క బొటనవేలు మాత్రం..." అని ఆగిపోయింది.

"బొటనవేలికి ఏమొచ్చింది?"

"ఏం లేదు. ఉడుతనే అడగండి టీచర్. నేను చెప్పకూడదు. దానికి మాటిచ్చాను."

ఇద్దరూ కూడబలుక్కున్నారన్నమాట. ఇంటికి ఎలా నడిచొచ్చానో తెలియదు. దారిపొడుగునా ఆ బొటనవేలి మాటే బుర్రలో తిరిగింది. నా పిల్లలకి బొటనవేలు పెట్టడం రాదా? పై స్వరాలు పలకాలంటే వెనక రంధ్రం మీద బొటనవేలు వంచి గోరంత సందు తెరవాలి. ఎక్కువ తెరిస్తే స్వరం చీలి కీచుమంటుంది. ఇది ఆ పొడుగుదానికి నేర్పింది ఎవరు? దాని వేలు పట్టుకుని, గోరు కత్తిరించి మరీ నేర్పింది నేను.

శుక్రవారం ఉడుతని పట్టుకోవాలని తీర్మానించుకున్నాను. మా ఆయన్ని సాక్షిగా రమ్మన్నాను. ఆయన వద్దు వద్దంటూనే వచ్చి కిటికీ దగ్గర పేపరు పట్టుకుని కూర్చున్నారు. ఉడుత రాగానే పెద్దదాని పెట్టె పక్కకి నెట్టి చిన్నది చేతికిచ్చాను.

"గంతుల పాట. మొదటి నుంచి చివరిదాకా. తర్వాత నీతో పనుంది."

ఉడుత నన్ను చూసింది. మా ఆయన్ని చూసింది. తర్వాత వాయించడం మొదలుపెట్టింది. నేను ఎదురుగా నిలబడి పెన్సిలుతో తాళం వేస్తున్నాను. ఏం పిల్లండీ! కోపంలో ఉన్నదాన్ని, నాకే కాళ్ళాడాయి. రెండో వరసలో ఊపిరి ఒకచోట ముందే తీసుకుంది, అక్కడ కసిరాను. మూడో వరసలో పైకి పోయింది. "బాగుంది, బాగుంది," అన్నాను.

అప్పుడు పేపరు చప్పుడైంది. మా ఆయన భుజాలు ముడుచుకుని ఒక చెవిలో వేలు పెట్టుకున్నారు.

ఉడుత వాయించడం ఆపేసింది. "ఇప్పుడు బాగుందా టీచర్?"

"బాగుందని చెప్పానుగా. ఎందుకు ఆపావు?"

ఉడుత పెదవి కొరుక్కుంది. "నేను తప్పు వాయించాను టీచర్. కావాలనే. మూడో వరసలో బొటనవేలు గోరంత తెరవాల్సింది సగం తెరిచేశాను. నాలుగు స్వరాలూ కీచుమన్నాయి."

"అబద్ధం," అన్నాను.

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన పేపరు నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో పెట్టుకున్నారు.

"కీచుమందోయ్. బ్రేకులు అరిగిన బస్సులాగా," అన్నారు నెమ్మదిగా.

"మళ్ళీ వాయించు," అన్నాను ఉడుతతో. "ఒకే స్వరం. ఒకసారి సరిగ్గా, ఒకసారి తప్పుగా."

వాయించింది. బొటనవేలు కదలడం కళ్ళారా చూశాను. నాకు రెండూ ఒక్కలాగే వినిపించాయి. రెండూ గుండ్రంగా, శుభ్రంగా, ఇరవై ఆరేళ్ళుగా నాకు తెలిసిన స్వరంలాగే ఉన్నాయి. ఇంకోసారి వాయించమన్నాను. ఇంకోసారి వాయించింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆ సున్నాలు?" అన్నాను.

"నేనే చుట్టాను టీచర్. నేను తప్పు వాయించినా మీరు తిట్టని చోట్లు అవి."

పదిహేడు. ఒక్క పాటలోనే పదిహేడు.

"ముందు నా వేలు బాగుపడిందనుకున్నాను," అంది ఉడుత. ఒకసారి మొదలుపెట్టాక దానికి మాటలు ఆగలేదు. "తర్వాత ఇంట్లో వాయిస్తే అమ్మ చెవులు మూసుకుంది. ఇక్కడేమో మీరు బాగుంది అన్నారు. పైన ఏం చేసినా బాగుంది అనేవారు. కింది స్వరాల్లో అయితే చీమ తల తిప్పినంత తప్పుకి కూడా తిడతారు. అందుకే అన్నీ కిందివి ఏరాను. పెద్దదైతే మొత్తం కిందే ఉంటుంది కదా, అప్పుడు అన్నిటికీ తిడతారు. మీరు తిట్టకపోతే నేనెలా నేర్చుకోవాలి టీచర్?"

"పొడుగుపిల్ల దగ్గరికి పోవచ్చుగా. ఆవిడ చెవులు బాగానే పనిచేస్తాయి."

"అమ్మ కూడా అదే అంది. నేను పోనన్నాను."

"ఎందుకు?"

"మీరున్నారు కదా," అంది, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. చిన్నపిల్ల ముందు ఏడవకూడదని తెలుసు, అయినా ఆగలేదు. ఆ నలుగురూ నా కళ్ళ ముందుకొచ్చారు. పరీక్ష గదిలో వాళ్ళు నేను నేర్పిన తప్పునే ధైర్యంగా వాయించి ఉంటారు, టీచరు బాగుందన్నారని. ఆ పెద్దమనిషిని చెవుల డాక్టరుకి చూపించమని రెండు పేజీలు రాశాను. నా చెవులకి ఆ సలహా ఒక్క ముక్క కూడా వినిపించలేదు.

"మీకు ఎప్పటినుంచి తెలుసు?" అని మా ఆయన్ని అడిగాను.

"రెండేళ్ళయింది."

"ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా?"

"పరీక్షల ఆఫీసుకి నువ్వు రాసిన ఉత్తరం పోస్టులో వేసింది నేనే కదా," అన్నారు. "వేసేముందు చదివాను. చదివాక ఇంకెక్కడి ధైర్యం."

ఉడుత నీళ్ళ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టింది. నేను కొంగుతో మొహం తుడుచుకుని పరీక్ష ఫారం బల్ల మీద పరిచాను. మూడు జాబితాలకి మూడు ఖాళీ గీతలున్నాయి. అది ఏరిన మూడు నెమ్మది పాటలూ రాసేస్తే పరీక్ష గట్టెక్కుతుంది. ఉడుత నా దగ్గరే ఉంటుంది. బోర్డూ ఉంటుంది. ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు. పెన్ను మూత తీశాను కూడా.

"నిజం చెప్పు," అన్నాను రాయబోయి ఆగి. "నా సంగతి పక్కన పెట్టు. ఈ జాబితాలన్నిట్లో నీకు ఏది వాయించాలనుంది?"

ఉడుత వేలు తెచ్చి గంతుల పాట మీద పెట్టింది. చటుక్కున తీసేసింది, కాలినట్టు.

శనివారం పొద్దున ముగ్గురం పసుపు తలుపు దగ్గరికి వెళ్ళాం. మా ఆయన వాకిట్లోనే ఉండిపోయారు, ఫారం ఉన్న కవరు పట్టుకుని. పొడుగుపిల్ల మళ్ళీ చేతులు వెనక్కి పెట్టుకుని లేచి నిలబడింది.

"మొదటి జాబితాలో గంతుల పాట రాశాను, చిన్నదాని మీద," అన్నాను. "మిగతా రెండూ కింది స్వరాలవే, అవి నేను చూసుకుంటాను. ఇది మాత్రం నువ్వు వినాలి."

"పాఠం చెప్పమంటారా టీచర్?"

"పాఠం నేనే చెప్తాను. నువ్వు వినిపెట్టు, చాలు. బొటనవేళ్ళ సంగతి నాకు తెలిసిపోయింది. ఆ నలుగురికీ వేళ్ళు సరిచేశావుగా, ఆ మాట కూడా చెప్పాలని వచ్చాను."

పొడుగుపిల్ల కళ్ళు నీళ్ళతో నిండాయి. దానికి చిన్నప్పటినుంచీ అంతే, ముక్కు కూడా ఎర్రబడుతుంది. నాకు కుర్చీ జరిపి తను ఎదురుగా కూర్చుంది. నేను ఉడుత పుస్తకం ఒళ్ళో పెట్టుకున్నాను. పాత సున్నాలన్నీ రబ్బరుతో తుడిచేసి తెచ్చాను.

ఉడుత ఊపిరి తీసుకుని మొదలుపెట్టింది. నేను దాన్ని చూడలేదు. పొడుగుపిల్ల మొహం మాత్రమే చూస్తూ కూర్చున్నాను. మొదటి వరసంతా ఆ మొహం ప్రశాంతంగా ఉంది. రెండో వరసా అంతే. మూడో వరసలో పాట పైకి ఎగిరింది. పొడుగుపిల్ల ఎడమ కనుబొమ కొద్దిగా, చాలా కొద్దిగా కదిలింది.

నా చెవికి ఆ స్వరం ఎంతో బాగుంది. పెన్సిలు తీసి దాని చుట్టూ సున్నా చుట్టాను.